అయిదు అచ్చులూ ఉన్న ఇంగ్లిష్ పదాలు వెతకడం ఎలా?

మా పాపకి స్కూల్లో ఓ పని ఇచ్చారు: ఏ, ఈ, ఐ, ఓ, యు అయిదూ ఒక్కోసారే వచ్చే ఇంగ్లిష్ పదాలు పది రాయాలి. ఎడ్యుకేషన్, ఈక్వేషన్ వెంటనే తట్టాయి. డైలాగ్ కూడా సరిపోతుందని స్పెల్లింగ్ రాసి చూశాకే తెలిసింది; చివరి యు, ఈ అసలు పలకరు కదా! వరసగా వచ్చేది ఫెసీషియస్ దొరికింది.

మిగతావాటికి లైనక్స్‌లోని పదాల ఫైల్లో గ్రెప్ (ఫైల్లో కావలసిన అక్షరాలున్న వరసల్ని వెతికే కమాండ్) కొట్టాను. చదరపు బ్రాకెట్లో అయిదూ పెడితే ఏ ఒక్కటున్నా వచ్చేస్తోంది. అయిదు గ్రెప్‌లు పైపుతో (ఒకదాని ఫలితాన్ని తర్వాతదానికి పంపుతూ) కలిపితే కొంత నయం, కానీ రెవల్యూషనరీ లాంటివి, అంటే ఓ రెండుసార్లు ఉన్నవీ వస్తున్నాయి. వాటిని తీసేయడానికి ఏం రాయాలి? సోమవారం లోపు చెప్పండి ప్లీజ్.