అప్‌డేట్: వేసవిలో మాడు దురద, జిడ్డు పొట్టు – కారణం తేలింది

ఎండలు ముదిరినప్పటి నుంచి మాడు విపరీతంగా దురద పెడుతోందని, గీరితే గోళ్లలో పసుపుపచ్చని జిడ్డు పొట్టు చేరుతోందని, పొడిబారిందనుకుని రాత్రంతా నూనె ఉంచుతున్నా తగ్గడం లేదని నేను ఇక్కడ అడిగిన ప్రశ్నకు ఇది ముగింపు. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఇది పొడిబారడం కాకపోవచ్చు, నూనె ఆపి చర్మవైద్యులను కలవమన్నవారి మాటే నిజమైంది. మాడుతో పాటు కనుబొమలను, ముక్కు పక్కల చర్మాన్ని కూడా పరిశీలించిన వైద్యురాలు దీనిని సెబోరిక్ డెర్మటైటిస్‌గా (జిడ్డు ఎక్కువగా ఉండే చోట్ల చర్మం వాచి, దురదతో పొట్టు రాలే సమస్య) తేల్చారు. మాడుపై సహజంగానే ఉండే మలసేజియా అనే ఈస్ట్ (ఒక రకం సూక్ష్మ ఫంగస్) అక్కడి జిడ్డు మీదే బతుకుతుందని, చెమట, జిడ్డు పేరుకుంటే కొందరికి సమస్య రేగుతుందని, రాత్రంతా ఉంచే నూనె దానికి మేతవుతుందని వివరించారు. ఫంగస్‌ను అదుపు చేసే 2 శాతం కీటోకోనజోల్ మందున్న షాంపూను వారానికి రెండుసార్లు, జుట్టుకు కాక మాడుకే పట్టించి, 5 నిమిషాలు ఆగి కడగమన్నారు. పెట్టిన వెంటనే కడిగేస్తే మందుకు పనిచేసే వ్యవధి ఉండదట. నెల తిరిగేసరికి దురద, పొట్టు రెండూ తగ్గాయి. నీటి కాఠిన్యమో, హెల్మెట్టో కారణం కావచ్చని జవాబుల్లో సాగిన చర్చ నా విషయంలో అక్కరకు రాలేదు. దురద తగ్గుతుందని రాసి చూసిన నిమ్మరసం మాత్రం గీరుకున్న చోట మంటనే మిగిల్చింది. ఇది మళ్లీ తిరగబెట్టే స్వభావమున్నది కనుక, ఆ షాంపూనే ఇకపై అప్పుడప్పుడు వాడుతూ ఉండమన్నారు.