సేంద్రియంలో ఇంద్రియాలకేం పని?

మా అబ్బాయి కెమిస్ట్రీ పుస్తకంలో యూరియా ఆర్గానిక్ కాంపౌండ్ అని ఉంది. ఆర్గానిక్ పంటలో మాత్రం సంచి యూరియా వేయకూడదు. "ఇదెక్కడి లెక్క?" అన్నాడు. నాకు దాంతోపాటు ఇంకో సందేహం వచ్చింది. ఆర్గానిక్‌ని మనం సేంద్రియ అంటాం కదా: స + ఇంద్రియ, గుణసంధి, సేంద్రియ. సరే, ఎరువుకి ఇంద్రియాలేమిటి? నిగ్రహం కూడా ఉండాలా?

జవాబు: ఇంద్రియం అనగానే మనకు కళ్ళూ చెవులే గుర్తొస్తాయి. చేతులూ కాళ్ళూ కూడా ఇంద్రియాలే, కర్మేంద్రియాలు. ఆర్గానిక్‌లోని ఆర్గాన్ (అవయవం) అన్న ఇంగ్లీషు మాటకి మూలమైన గ్రీకు మాటకు పనిముట్టు అని అర్థం. అలా చూస్తే అనువాదం చేసినవాళ్ళు బాగానే పట్టుకున్నారు. మరాఠీవాళ్ళూ సేంద్రియ అనే అంటారు. కన్నడంలో సావయవ, అంటే స + అవయవ. హిందీవాళ్ళు ఈ గొడవంతా లేకుండా జైవిక్ అనేశారు.

ఇక యూరియా సంగతి. ప్రాణుల దేహాల్లో మాత్రమే తయారయ్యేవి ఆర్గానిక్ అని ఒకప్పటి రసాయనవేత్తల లెక్క. 1828లో జర్మన్ రసాయనవేత్త వోలర్ మూత్రంలో ఉండే యూరియాని ప్రయోగశాలలో చేసి చూపించాడు. పోనుపోను ఆ మాట కర్బన సమ్మేళనాలకు స్థిరపడింది. అందుకే అక్కడ "కర్బన రసాయనశాస్త్రం" అంటేనే నయం.

వ్యవసాయంలోకి ఈ మాట వేరే దారిన వచ్చింది. 1940లో ఇంగ్లండ్‌లో లార్డ్ నార్త్‌బోర్న్ పొలాన్ని ఒక ప్రాణిలా చూడమన్నాడు. మట్టి, మొక్కలు, పశువులు, మనుషులు ఒకే దేహానికి అవయవాలు. అంటే సేంద్రియం కావలసింది సాగు, సంచిలో సరుకు కాదు. "సేంద్రియ ఎరువు" అన్నప్పుడు కుళ్ళి మట్టిలో కలిసే పెంట, ఆకు అని అర్థం చేసుకుంటాం, అది వేరే వాడుక. ఒకే మాటకు మూడు కాపురాలు. మీవాడు తికమకపడడంలో తప్పులేదు.

ఇంకో సభ్యుడు: నన్నడిగితే కన్నడం మాటే మేలు, అవయవమంటే వెంటనే తెలుస్తుంది. అన్నట్టు, మన ఎరువుకి అప్పు తెచ్చుకున్న వస్తువు అనే అర్థం కూడా ఉంది కదా, "ఎరువు సొమ్ము బరువు చేటు" అంటాం. నేలనుంచి తీసుకున్నది నేలకే తిరిగివ్వాలని ఇంగ్లీషు వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ అదే కాలంలో వాదించాడు. ఆయనకు తెలుగు వచ్చుంటే ఈ శ్లేష వదిలేవాడు కాదు.

మొదటి సభ్యుడు: మావాడికి చెప్పాను. "అయితే పరీక్షలో ఏది రాయాలి?" అంటున్నాడు.