సమానత్వం కోసం నగరపాలనలో విడిగా ఒక అధికారి ఉండాలా? (చర్చ)

ఎలియట్ ఖాతం (సియాటెల్)

2025 జనవరి 20, 21 తేదీల్లో అమెరికా అధ్యక్షుడు ఇచ్చిన ఉత్తర్వులతో ఇక్కడి నగరాలు సంకటంలో పడ్డాయి. కేంద్ర నిధులు తీసుకునేవారు తాము చట్టవిరుద్ధమైన వైవిధ్య కార్యక్రమాలేవీ (జాతి, లింగ సమానత్వం పేరిట నడిపేవి) నడపడం లేదని ధ్రువీకరించాలని రెండో ఉత్తర్వు చెబుతోంది. ఏ కార్యక్రమం చట్టవిరుద్ధమో దానిలో స్పష్టంగా లేదు. కింగ్ కౌంటీ, శాన్ ఫ్రాన్సిస్కో, బోస్టన్ వంటివి ఆ మే నెలలో నిధుల షరతుల మీద కోర్టుకు వెళ్లాయి. నగరాల్లో సమానత్వ కార్యాలయాలు అసలు ఉండాలా అనే వాదన మన తెలుగు ఇళ్లలోనూ నడుస్తోంది కాబట్టి ఇక్కడ ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ముందుగా ఒక అపోహ తొలగాలి. మనవాళ్లలో చాలామంది వీటిని రిజర్వేషన్లుగా భావిస్తున్నారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో, విద్యలో, కాంట్రాక్టుల్లో జాతిని బట్టి, లింగాన్ని బట్టి ప్రాధాన్యం ఇవ్వరాదని వాషింగ్టన్ రాష్ట్ర ఓటర్లు 1998లోనే ఐ-200 అనే ప్రతిపాదన మీద ఓటు వేసి తేల్చేశారు. దాన్ని సడలించే ప్రతిపాదన 2019లో ఓటింగుకు వచ్చి స్వల్ప తేడాతో ఓడిపోయింది. కాబట్టి కోటా పెట్టి ఒక్క ఉద్యోగం ఇచ్చే వీలు కూడా సియాటెల్ నగరానికి లేదు.

మరి ఈ కార్యాలయం చేసే పనేమిటి? 2004లో మేయర్ గ్రెగ్ నికెల్స్ హయాంలో జాతి, సామాజిక న్యాయ కార్యక్రమం మొదలైంది. నగర పౌర హక్కుల కార్యాలయం దాన్ని నడిపిస్తుంది. ఏదైనా శాఖ కొత్త విధానం గానీ ఖర్చు గానీ తలపెడితే, దానివల్ల ఎవరికి మేలు, భారం ఎవరి మీద పడుతుంది, వాళ్లను అడిగారా అనే ప్రశ్నలకు జవాబు రాయాలి. వీధి దీపాల సంగతి చూడండి. దీపం ఆరిపోయిందని ఫోను చేసిన చోట ముందుగా బాగుచేసే పద్ధతి ఒకప్పుడు ఉండేది. పైకి అందరికీ ఒకటే నియమం. కానీ ఫోను చేసేవాళ్లలో ఎక్కువమంది స్థితిమంతుల పేటలవాళ్లు. ఇంగ్లీషు రానివాళ్లు, రెండు ఉద్యోగాలు చేసుకునేవాళ్లు నగర కార్యాలయానికి ఫోను చేయరు. ఆ పేటలు చీకట్లోనే ఉండిపోయేవి. లెక్క తీశాక, ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా వరుస ప్రకారం దీపాలు మార్చే పద్ధతికి వెళ్లారు. ఎవరి ఉద్యోగమూ పోలేదు, ఎవరి హక్కూ తగ్గలేదు.

ఈ లెక్క విద్యుత్ శాఖ తనంతట తాను తీసి ఉండేది కాదని నా నమ్మకం. బయటి నుంచి అడిగే మనిషి ఉండాలి. అందుకే విడి కార్యాలయం, దానికో అధిపతి కావాలంటాను. మీరేమంటారు? హైదరాబాద్, విజయవాడ, విశాఖ నగరాలకు ఇది పనికొస్తుందా?

విశ్రాంత అకౌంట్స్ (గుంటూరు)

వీధి దీపాల ఉదాహరణ బాగుంది. అయితే దాన్నుంచి మీరు తేల్చిన విషయం నాకు సమ్మతం కాదు.

పురపాలక సంఘాల్లో పద్దులు చూసిన అనుభవంతో చెబుతున్నాను. ఏ పనికైనా విడిగా ఒక విభాగం పెట్టిన మరుక్షణం మిగతా శాఖలు ఆ పని తమది కాదనుకుంటాయి. ఫైలు అటు పంపిస్తారు, అక్కడి నుంచి ఒక అభిప్రాయం వస్తుంది, దాన్ని ఫైలుకు జతచేసి అనుకున్నదే చేస్తారు. నగరంలో ఎవరికి ఏది దక్కుతుందో తేల్చేవి టెండరు షరతులు, వర్క్ ఆర్డరు, బిల్లు చెల్లింపు. ఈ మూడింటిలో లేని సమానత్వం గోడ మీది నినాదమే.

మన దగ్గర దీనికి మంచి నిదర్శనం ఉంది. 2017లో హైదరాబాద్ జలమండలి ఇరుకు సందుల్లోకి వెళ్లగలిగే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను తెచ్చింది. మురుగు కాల్వల్లోకి మనిషిని దింపకుండా యంత్రంతో పని చేయించడం దాని ఉద్దేశం. దళిత వాణిజ్య మండలి డిక్కీతో కలిసి, దళిత ఔత్సాహికులకు బ్యాంకు రుణం ఇప్పించి, యంత్రాలకు వాళ్లనే యజమానులను చేసి, పని ఒప్పందం ఇచ్చారు. తరతరాలుగా ఆ కాల్వల్లోకి దింపిన కులాల నుంచి యంత్ర యజమానులు వచ్చారు. ఇదంతా టెండరు కాగితం చేసిన పని. వైవిధ్య అధికారి అనే మనిషి ఆ భవనంలోనే లేడు.

ఆంధ్రప్రదేశ్‌లో ఔట్‌సోర్సింగ్ నియామకాల కోసం 2020లో వచ్చిన ప్రభుత్వ సంస్థ ఆప్కాస్‌నూ చూడండి. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగాలకు రిజర్వేషన్ల రోస్టరు వర్తించేది కాదు కాబట్టి కాంట్రాక్టరు తన ఇష్టం వచ్చినవాళ్లను పెట్టుకునేవాడు. మధ్యవర్తిని తీసేసి ఆ సంస్థ ద్వారా నియామకం, సగం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు, సగం మహిళలకు అనే నియమం పెట్టారు. అమలులో లోపాల గురించి వేరే చర్చ చేయవచ్చు. ఆ మార్పు మాత్రం నియామక నిబంధన వల్లనే వచ్చింది.

బెల్వ్యూ వాసి

ఎలియట్ ఖాతం గారూ, దీపాల సంగతి వింటే కాదనేవారెవరూ ఉండరు. కానీ ఈ కార్యక్రమంలో దీపాలు ఒక్కటే లేవు, శిక్షణ తరగతులున్నాయి. మనుషులను జాతుల వారీగా కూర్చోబెట్టి నువ్వు పీడించేవాడివి, నువ్వు పీడితుడివి అని చెప్పే ధోరణి వాటిలో ఉందని ఎంతోమంది ఉద్యోగుల బాధ. ఒక మాజీ ఉద్యోగి 2022లో నగరం మీద దావా కూడా వేశారు.

ఇక 2023 ఫిబ్రవరి 21న సియాటెల్ నగర మండలి 6-1 ఓట్లతో వివక్ష నిషేధ చట్టంలో కులాన్ని చేర్చింది. వంశం, జాతీయ మూలం వంటి అంశాలు చట్టంలో అంతకు ముందే ఉన్నాయి. కులాన్ని ప్రత్యేకంగా పేర్కొనడంతో దక్షిణాసియా వాళ్లందరినీ అనుమానంగా చూసే పరిస్థితి వచ్చిందని నా ఆవేదన. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు అటువంటి బిల్లును, ఉన్న చట్టాలే చాలునంటూ వెనక్కి పంపారు. మా పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగారు, కులమంటే ఏమిటో వాళ్లకు తెలియదు. తెలియాల్సిన అవసరం లేకుండా పెంచాలని మేము కోరుకున్నాం. నగర ప్రభుత్వం దాన్ని దరఖాస్తు ఫారాల్లోకి తెస్తే మేము పడ్డ పాటు ఏమైనట్టు?

కృష్ణవేణి_రెడ్‌మండ్

బెల్వ్యూ వాసి గారికి గౌరవంగా జవాబు చెప్పాలనుకుంటున్నాను.

మీ పిల్లలకు కులం తెలియకపోవడం మంచిదే. మా ఇంట్లో పిల్లలకు అది తెలియకుండా ఉంచే వీలు మాకు లేకపోయింది. నేను పనిచేసిన చోట (పేరు అనవసరం) తోటి తెలుగువారు మొదట ఇంటిపేరు అడిగారు. తరువాత ఊరు, ఊళ్లో ఏ వైపు, ఇంట్లో ఏమి తింటారు. మూడో ప్రశ్నకల్లా వాళ్లకు కావలసింది తెలిసిపోయింది. అప్పటి నుంచి మధ్యాహ్న భోజనాలకు పిలుపు ఆగింది. బృందం మారే అవకాశం వచ్చినప్పుడు నా పేరు ఎవరూ ఎత్తలేదు. మానవ వనరుల విభాగానికి వెళితే అక్కడి అధికారికి నేను ఏమి చెబుతున్నానో అర్థం కాలేదు. ఇద్దరూ భారతీయులే కదా, జాతి వివక్ష ఎలా అవుతుందని అడిగారు.

ఉన్న చట్టాలే చాలునన్న వాదనకు నా అభ్యంతరం అక్కడే. చట్టంలో మాట లేనప్పుడు ఫిర్యాదు తీసుకునే మనిషికి అది వినపడదు. దరఖాస్తు ఫారంలో ఎవరి కులమూ రాయమని సియాటెల్ చట్టం అడగదు. ఉద్యోగంలో, అద్దె ఇంట్లో, హోటళ్లు, దుకాణాల వంటి చోట్ల కులం పేరుతో వివక్ష జరిగితే పౌర హక్కుల కార్యాలయానికి వెళ్లి చెప్పుకోవచ్చు. అంతవరకే.

మీరు చెప్పిన దావాలో 2025 ఫిబ్రవరిలో జిల్లా న్యాయస్థానం నగరం పక్షాన తీర్పు ఇచ్చింది. అంతమాత్రాన ప్రతి శిక్షణ తరగతీ గొప్పదని నేను అనను. నాకు కావలసింది తరగతి కాదు, ఫిర్యాదు వింటే అర్థమయ్యే అధికారి.

వార్డు పౌరురాలు (ఎల్బీనగర్)

గుంటూరు పెద్దాయనకు ఒక మాట. జలమండలి యంత్రాలు 2017లో వచ్చాయి. 2021 ఆగస్టులో మా దగ్గరి సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దిగి ఇద్దరు కార్మికులు చనిపోయారు. ఆ పని జలమండలిది కాదు, నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ కాంట్రాక్టరుది. ఒకే నగరం, ఒకే రకం మురుగు కాల్వ. ఒక సంస్థ టెండరులో యంత్రం ఉంది, పక్క సంస్థ పనిలో మనిషిని దింపారు. మీరు మెచ్చుకున్న ఆ మంచి షరతు ఇవతలి సంస్థకు ఎందుకు చేరలేదు? చేర్చే బాధ్యత ఎవరిది?

ఎలియట్ ఖాతం (సియాటెల్)

వార్డు పౌరురాలు గారు నేను చెప్పలేకపోయినదాన్ని సూటిగా అడిగారు. నా వాదనంతా దాని చుట్టూనే తిరుగుతోంది. ఒక శాఖలో ఒక మంచి అధికారి ఉన్నంతకాలం మంచి టెండరు ఉంటుంది. బదిలీ కాగానే పోతుంది. పక్క శాఖకు చేరదు. శాఖలన్నిటినీ అడ్డంగా చూసే చోటు ఒకటి ఉండాలి.

గుంటూరు వారి భయం మాత్రం నిజమైనదే, ఇక్కడ కూడా దాన్ని చూశాం. సియాటెల్‌లో ప్రతి శాఖలోనూ మార్పు బృందాలు ఉన్నాయి. వాటిలో పనిచేసేవాళ్లు తమ అసలు ఉద్యోగం చేసుకుంటూనే, దాని పైన ఈ పని చేస్తారు. పై అధికారికి ఇష్టం లేకపోతే వాళ్ల నివేదిక సొరుగులోకి పోతుంది. న్యూయార్క్‌లో 2022 నవంబరులో ఓటర్లు నగరానికి మూల చట్టమైన చార్టరునే మార్చి, జాతి సమానత్వ కార్యాలయం ఉండాలని, రెండేళ్లకోసారి ప్రణాళిక ప్రకటించాలని తీర్మానించారు. తొలి ముసాయిదా 2024 జనవరికి రావాలి. ఆ గడువుకు అది రాలేదు. చార్టరులో రాసిన కార్యాలయానికే ఆ గతి పడితే, మేయరు దయ మీద నడిచే కార్యాలయం గురించి చెప్పేదేముంది?

కాబట్టి నా కోరిక ఇది. సమానత్వ అధికారి సంతకం లేకుండా శాఖ బడ్జెటు ప్రతిపాదన నగర మండలికి వెళ్లకూడదు. సలహా ఇచ్చే అధికారం చాలదు, ఆపే అధికారం ఉండాలి. ఆ పదవిని మేయరు ఉత్తర్వుతో కాక చట్టంతో ఏర్పాటు చేయాలి. తరువాత వచ్చే మేయరు చప్పుడు లేకుండా పక్కన పెట్టే వీలుండకూడదనే కదా, సియాటెల్ 2023లో తన కార్యక్రమాన్ని నగర శాసనంగా మార్చింది.

బెల్వ్యూ వాసి

కృష్ణవేణి గారూ, మీకు జరిగినది అన్యాయం. మధ్యాహ్న భోజనాల దగ్గర ఇలాంటి ప్రశ్నలు అడిగేవాళ్లను నేనూ ఎరుగుదును. ఫిర్యాదు విని అర్థం చేసుకునే అధికారి ఉండాలన్న మీ మాట వరకు నేను ఒప్పుకుంటాను. బడ్జెటును ఆపే అధికారం ఎవరూ ఎన్నుకోని ఒక అధికారి చేతిలో పెట్టడాన్ని మాత్రం వ్యతిరేకిస్తాను. నేను ఓటు వేసేది మండలి సభ్యులకు. వాళ్లు తప్పు చేస్తే దింపేస్తాను. ఈ అధికారిని దింపే మార్గం నాకు ఏది?

విశ్రాంత అకౌంట్స్ (గుంటూరు)

వార్డు పౌరురాలు గారు అడిగినదానికి దాటవేయకుండా చెబుతాను. సాహెబ్‌నగర్‌లో లోపించినది చట్టం కాదు. పాకీ పని నిషేధ చట్టం 2013 నుంచి ఉంది. రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాల్వలోకి మనిషిని దింపడాన్ని అది నేరమంటుంది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇటువంటి మరణాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. అది చావు తరువాత. చావుకు ముందు ఆ కాంట్రాక్టరును నిలదీయగల ఒకే ఒక సందర్భం అతని బిల్లు బల్ల మీదికి వచ్చినప్పుడు. యంత్రంతో చేశావా, మనిషితో చేశావా, ఆధారమేది అని బిల్లు పరిశీలించే గుమాస్తా అడగాలి. అడగడు, ఎందుకంటే అతని ముందున్న తనిఖీ పట్టికలో ఆ గడి లేదు. కొలతల పుస్తకం ఉందా, పన్ను మినహాయించారా, అంతే.

ఎలియట్ ఖాతం గారు ఆపే అధికారం దాకా వచ్చారు, సంతోషం. నేను మొదటి నుంచీ అడుగుతున్నది అదే. కానీ ఆయన దాన్ని ఏడాదికి ఒక్కసారి బడ్జెటు దగ్గర పెడుతున్నారు. నేను ప్రతి బిల్లు దగ్గరా పెట్టమంటున్నాను. మన నగరాల్లో బడ్జెటు ఒక ఊహ, బిల్లు నిజం.

బెల్వ్యూ వారు అడిగిన ప్రశ్న మన దగ్గర మరీ పెద్దది. రాజ్యాంగ 74వ సవరణ తెచ్చిన 243టి అధికరణం వల్ల ఎస్సీ, ఎస్టీలకు జనాభా ప్రకారం, మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా వార్డు స్థానాలు వచ్చాయి. తెలుగు రాష్ట్రాలు మహిళల వాటాను సగం చేశాయి. అంత గొప్ప ప్రాతినిధ్యం ఉన్న సభ ఎదురుగా కూర్చునే కమిషనరును నియమించేది రాష్ట్ర ప్రభుత్వం, బదిలీ చేసేదీ రాష్ట్ర ప్రభుత్వమే. అమలు అధికారమంతా ఆయన దగ్గర ఉంటుంది. మా దగ్గర ఒక కార్పొరేటరమ్మ ఉండేవారు. తన వార్డు పారిశుద్ధ్య కార్మికులకు చేతి తొడుగులు కావాలని సమావేశం తరువాత సమావేశంలో అడిగారు. ప్రతిసారీ మినిట్స్‌లో రాశాము. కొనుగోలు ఉత్తర్వు రాలేదు. ఆమెకు గొంతు ఉంది, సంతకం లేదు. ఇప్పుడు సమానత్వ అధికారిని పెట్టినా కమిషనరు కిందనే పెడతారు. ఆయన తన పై అధికారి బిల్లును ఆపుతాడా?

వార్డు పౌరురాలు (ఎల్బీనగర్)

అలాగైతే ఆ సంతకం కార్పొరేటర్లకే ఇవ్వండి. వార్డులో పారిశుద్ధ్య పని బిల్లు చెల్లించే ముందు ఆ వార్డు కార్పొరేటరు, ఇద్దరు కార్మికులు ధ్రువీకరించాలని నియమం పెట్టవచ్చు కదా. బెల్వ్యూ వారు అడిగినట్టు, తప్పు చేస్తే దింపడానికి మాకు ఓటూ ఉంటుంది.

కృష్ణవేణి_రెడ్‌మండ్

కార్పొరేటరు బంధువే కాంట్రాక్టరైతే ఏమి చేస్తారు? ఆ ఇద్దరు కార్మికులు రేపు పని ఉంటుందో లేదో అనే భయంతో సంతకం పెట్టరా? నేను విడి కార్యాలయాన్ని కోరేది అందుకే. ఫిర్యాదు చేసే మనిషి రోజూ ముఖం చూడవలసిన వాళ్ల దగ్గరికే వెళ్లి చెప్పుకోవలసి వస్తే చెప్పుకోదు.

విశ్రాంత అకౌంట్స్ (గుంటూరు)

భయం నిజమే. కార్మికుల సంతకం వద్దు, వాళ్ల మీద భారం పెట్టవద్దు. యంత్రం నడిచిన గంటల లెక్క, పనికి ముందూ తరువాతా తీసిన ఫొటోలు, ఈఎస్ఐ, పీఎఫ్ చెల్లించిన రసీదులు, ఇవి బిల్లుకు జతచేయాలి. లేకపోతే బిల్లు పాసు కాకూడదు. దీన్ని చూడవలసినది కమిషనరు కింద లేని ఆడిట్ విభాగం. రాష్ట్ర ఆడిట్ శాఖ ఎలాగూ పురపాలక లెక్కలు చూస్తుంది, కాకపోతే చాలా చోట్ల డబ్బు వెళ్లిపోయాక చూస్తుంది. పారిశుద్ధ్యం, డ్రైనేజీ పనులకైనా చెల్లింపుకు ముందే చూడాలని చట్టంలో ఒక వాక్యం చేర్చాలి. ఫిర్యాదుల కోసం విడి కార్యాలయం కావాలంటే పెట్టండి, కృష్ణవేణి గారు చెప్పిన కారణంతో దానికి నేను అడ్డు చెప్పను. దాని అధిపతికి నగరం మొత్తంలో సమానత్వాన్ని నడిపించే బాధ్యత అప్పజెప్పడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

ఎలియట్ ఖాతం (సియాటెల్)

మరి ఆ తనిఖీ పట్టికలో ఏ గడులు ఉండాలో ఎవరు రాస్తారు? వీధి దీపాల విషయంలో బిల్లులన్నీ సక్రమంగానే ఉన్నాయి. కొలతలు సరిపోయాయి, పన్ను కట్టారు, ఏ ఆడిటరూ తప్పు పట్టలేదు. ఏ పేటలో ఎన్ని దీపాలు ఆరిపోయి ఉన్నాయో ఆ బిల్లుల్లో ఎక్కడా లేదు. హైదరాబాద్‌లోనూ ఫోనులో యాప్ ద్వారా ఫిర్యాదు పెట్టిన వీధికి ముందుగా మనిషి వస్తాడు. ఆ యాప్ వాడని బస్తీల పట్టిక మీ ఆడిట్ విభాగంలో ఎవరు తయారు చేస్తారో చెప్పండి, నా పట్టు సడలిస్తాను.