గుజ్జు ఇంజెక్షన్ వేయించాలా, వద్దా?

గుత్తిరోడ్డు: అమ్మకు 66 ఏళ్లు. కింద కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. ఇక్కడ అనంతపురంలో డాక్టరు ఎక్స్‌రే చూసి మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందన్నాడు. హయాలురోనిక్ యాసిడ్ ఇంజెక్షన్, రెండు కాళ్లకూ కలిపి 32 వేలంట. ఎవరైనా వేయించారా?

ప్రొద్దుటూరన్న: కళ్లు మూసుకుని వేయించు తమ్ముడూ. మా అమ్మకు రెండేళ్ల కిందట వేయించినాం. 8 నెలలు నొప్పి మాత్ర ముట్టలేదు. గుజ్జు మళ్లీ ఊరింది.

కర్నూలు మాష్టారు: గుజ్జు ఊరదు. కీలు మధ్యలో ఉండే జిగట నీళ్లలో ఈ హయాలురోనిక్ యాసిడ్ సహజంగానే ఉంటుంది, అరిగిన మోకాలిలో పలచబడుతుంది. బయటి నుంచి పోసేది కొద్ది రోజుల్లోనే ఒంట్లో కలిసిపోతుంది. బండికి ఆయిల్ పోస్తే అరిగిన బేరింగు మళ్లీ పెరుగుతుందా? 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 169 ట్రయల్స్ కలిపి చూశారు, 21 వేల మందికి పైగా రోగులు. పెద్ద ట్రయల్స్‌లో ఉత్తుత్తి ఇంజెక్షన్‌కూ దీనికీ నొప్పిని 100 మార్కులకు కొలిస్తే తేడా సుమారు 2. మనిషికి తెలిసేంత కాదు అది. తమ్ముడూ, ఎక్స్‌రేలో అరుగుదల గ్రేడ్ ఎంత రాశారు?

ప్రొద్దుటూరన్న: మా అమ్మ గుడి మెట్లు ఎక్కింది సార్. దానికి 100కి ఎన్ని మార్కులేస్తారు?

హంద్రీ గట్టు: ఉత్తుత్తి సూది వేసినవాళ్లూ మెట్లెక్కారన్నా. అదే కదా ఆయన చెప్పేది.

ఉల్లి కూడా తినం: ఇది కోడిపుంజు జుట్టు నుంచి తీస్తారంట, నిజమా? మా అత్తకు ఎవరూ చెప్పకుండా వేశారు. తెలిశాక నెల రోజులు నాతో మాట్లాడలేదు, వేసింది నేనైనట్టు.

కర్నూలు మాష్టారు: కొన్ని రకాలు అట్లనే, కొన్ని బ్యాక్టీరియాతో చేస్తారు. ముందే అడగాలమ్మా. తమ్ముడూ, గ్రేడ్?

ప్రొద్దుటూరన్న: పనికిరానిదైతే అమెరికాలో 1997లోనే అనుమతి ఎందుకిచ్చారు?

కర్నూలు మాష్టారు: మందుగా ఇవ్వలేదు, వైద్య పరికరం కింద ఇచ్చారు. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ అసలు ఇవ్వొద్దనే రాసింది. తొడ కండరాలకు వ్యాయామం చేయించండి, బరువు తగ్గించండి. కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది.

ప్రొద్దుటూరన్న: పెన్షన్ వచ్చేవాళ్ల మాటలివి. మా అమ్మ నలభై ఏళ్లు శెనక్కాయ చేన్లో వంగి కలుపు తీసింది. ఆమెకు మీరు వ్యాయామం నేర్పిస్తారా?

కర్నూలు మాష్టారు: పెన్షన్ జోలికి ఎందుకయ్యా? మా ఇంటామెకు వారానికొకటి చొప్పున 5 వేయించినాను. మూడోదానికి మోకాలు వాచి పది రోజులు మంచం దిగలేదు. డబ్బు పోతే పోయింది. ఇంకొక్క సూది, ఇంకొక్క సూది అంటూ రెండేళ్లు గడిచినాయి, ఈలోపు కాలు దొడ్డి తిరిగింది. చివరికి మోకాలి కీలు మార్పిడి ఆపరేషనే చేయించినాం. నా కోపం ఆ రెండేళ్ల మీద.

జొన్నరొట్టె: ఆపరేషన్ అని అందరూ అంటారు. తర్వాత ఆరు వారాలు బాత్రూంకు ఎవరు తీసుకుపోవాలో ఒక్క మగవాడూ రాయడు.

గుత్తిరోడ్డు: అక్కా, అసలు సంగతి అదే. డాక్టరు ముందు చెప్పింది ఆపరేషనే. సిగ్గేసి రాయలేదు. అన్న బెంగళూరులో ఉంటాడు, డబ్బు పంపుతా అంటాడు గానీ రాడు. నేను అంగడి మూస్తే రోజు గడవదు. నా భార్య ఇప్పటికే వాళ్ల నాన్నను చూసుకుంటోంది. ఇంజెక్షన్ అయితే సాయంత్రానికి ఇంటికి తెచ్చుకోవచ్చు.

ప్రొద్దుటూరన్న: ముందే చెప్పింటే మాష్టారితో ఇంత గొడవ పడేవాణ్ణా? సరే, నేనూ ఒకటి దాచినా. మా అమ్మకు 8 నెలల తర్వాత రెండోసారి వేయించినాం. ఈసారి పనిచేయలేదు. మా ఇంట్లోనూ చూసేవాళ్లు లేకనే మళ్లీ సూదికి పోయినాం.

కర్నూలు మాష్టారు: తమ్ముడూ, మూడోసారి అడుగుతున్నా. గ్రేడ్ ఎంత?

గుత్తిరోడ్డు: 4 సార్. రెండు కాళ్లకూ.

కర్నూలు మాష్టారు: అంటే ఎముకకు ఎముక రాసుకుంటోంది. ఆ 32 వేలు ఆపరేషన్ అయ్యాక రెండు నెలలు ఇంట్లో మనిషిని పెట్టుకోవడానికి దాచిపెట్టు. అన్నతో ఆ మాటే చెప్పు.

ఉల్లి కూడా తినం: బ్యాక్టీరియాతో చేసే రకం ఏదో ఎవరైనా చెప్తారా?