కేబీఆర్ పార్కులో తోక ఊపే పిట్టలు: స్థానికమా, వలస వచ్చినవా?

ప్రశ్న: హైదరాబాద్ కేబీఆర్ పార్కులో నీరు నిలిచిన చోట, డిసెంబరులో, తోకను అదేపనిగా ఊపే పిట్టలు (జిట్టంగులు) రెండు రకాలు కనిపిస్తున్నాయి. వలస వచ్చినదాన్ని ఎలా గుర్తించాలి?

జవాబు 1: తల, వీపు, గొంతు నల్లగా ఉండి, కంటిపైన కనుబొమలా తెల్లని చార ఉంటే, అది ఏడాది పొడవునా ఇక్కడే ఉండి గూడు కట్టుకునే స్థానిక జిట్టంగి. వీపు బూడిద రంగులోను, తోక కింది భాగం పసుపుగాను ఉంటే, అది శీతకాలానికి ఉత్తరం నుంచి వచ్చి వేసవిలో తిరిగి వెళ్లే వలస జిట్టంగి.

జవాబు 2: పై జవాబు సరైనదే. జిట్టంగులైనా బయటికి వస్తాయి గాని, పొదల్లో దాగి “చెక్, చెక్” అంటూ విసిగించే వేరే వలస పిట్టలను గుర్తించడమే అసలు పరీక్ష.

జవాబు 3: పక్షుల పరిశీలనలను దాచే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేసేటప్పుడు, జాతి తేలకపోతే ఊహించి రాయకుండా, జిట్టంగి అని మాత్రమే పేర్కొనండి.