‘వాయిదా’లో దాగిన తేదీ

అందరికీ నమస్కారం. ఒక మాట గురించి రాయాలని వారం రోజులుగా అనుకుంటున్నాను. రోజూ పేపర్లో కనిపించేదే: వాయిదా.

మా అక్క కొడుకు ఇక్కడే, చెన్నైలో పుట్టి పెరిగాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇంగ్లీషు. ఇప్పుడు సర్వీస్ కమిషన్ పరీక్షలకు చదువుతున్నాడు. తెలుగు చదవడం మరిచిపోకూడదని ఆదివారాలు నా దగ్గర కూర్చుని తెలుగు పేపర్ పైకి చదువుతాడు. పోయిన ఆదివారం అసెంబ్లీ వార్త దగ్గర ఆగిపోయాడు. ఆ వార్త ఎలా ఉంటుందో మీ అందరికీ తెలుసు. ప్రతిపక్షం వాయిదా తీర్మానం ఇచ్చింది. స్పీకర్ తిరస్కరించారు. సభ్యులు పోడియం దగ్గరికి వెళ్లి నినాదాలు చేశారు. సభ పది నిమిషాలు వాయిదా పడింది.

"మామా, వాయిదా కావాలని అడిగింది వాళ్లే కదా? ఆయన కుదరదన్నాడు. మళ్లీ ఆయనే వాయిదా వేశాడు. మరి గొడవ దేనికి?" అన్నాడు.

వాడికి అప్పటికప్పుడు సగం జవాబే చెప్పగలిగాను. ‘వాయిదా తీర్మానం అంటే ఆ రోజు పనులన్నీ పక్కన పెట్టి, ముందు మా విషయం చర్చించండి అని అడగడం. సభను ఇంటికి పంపమని అడగడం కాదు’ అన్నాను. అది నిజమే. కానీ మరి దానికి ‘వాయిదా’ అన్న పేరెందుకు వచ్చింది అంటే, వెనక ఇంకో కథ ఉంది. బ్రిటిష్ పార్లమెంటు పద్ధతిలో ఆ చర్చ జరగడానికి ఒక తీర్మానం ఆధారంగా ఉండాలి. ఆ తీర్మానం మాటలు "సభ ఇప్పుడు వాయిదా పడాలి" అనే ఉండేవి. లోక్‌సభలో ఇప్పటికీ అంతే. స్పీకర్ సమ్మతించి, 50 మంది సభ్యుల మద్దతు ఉంటే అనుమతి వస్తుంది, చర్చ జరుగుతుంది, చివరికి ఓటుకు పెట్టేది ఆ ఒక్క వాక్యాన్నే. నెగ్గితే సభ నిజంగానే వాయిదా పడుతుంది, అది ప్రభుత్వానికి అభిశంసన కింద లెక్క. రాజ్యసభలో వాయిదా తీర్మానం లేకపోవడానికి కారణం కూడా ఇదే. మంత్రివర్గం జవాబుదారీ లోక్‌సభకే.

అంటే తెలుగులోకి తెచ్చినవాళ్లు తప్పు చేయలేదు. పేరు సరిగ్గానే దించారు. కానీ పేపర్ చదివేవాడికి ఆ వెనక కథ తెలియదు. అందుకే ఒకే పేరాలో రెండు వాయిదాలు కనిపించేసరికి రెండూ ఒకటే అనుకుంటాడు. మొదటిది మాట్లాడనివ్వమని అడిగేది, రెండోది మాటలు ఆపేసేది.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది ఈ మాట లోపలి సంగతి.

ఊత్తుకోట దగ్గర మా ఊళ్లో, కాలువ పక్క ముప్పావు ఎకరం మీద మా నాయనకు దాయాదులతో దావా ఉండేది. ఏళ్లు నడిచింది. మా ఇంట్లో గోడకు రోజుకో కాగితం చింపే క్యాలెండరు వేలాడేది. కోర్టు నుంచి రాగానే నాయన చెప్పులు కూడా విడవకుండా ఆ క్యాలెండరు దగ్గరికి వెళ్లి, కాగితాలు వేలితో ఎత్తి ఎత్తి, ఒక రోజు దగ్గర ఆగి, పెన్సిలుతో ‘వా’ అని రాసి చుట్టూ గీత గీసేవాడు. మేం రోజూ పొద్దున కాగితం చింపుతూ ఉంటే ఆ ‘వా’ దగ్గరపడేది. ముందురోజు రాత్రి అమ్మ పంచె మడత పెట్టి బెంచీ మీద ఉంచేది. "రేపు వాయిదా ఉంది, తొందరగా పడుకోండి" అనేది.

చూడండి. రేపు వాయిదా ఉంది అంటే రేపు పని ఆగిపోతుందని కాదు. రేపు వెళ్లాల్సిన రోజు అని. "ఈ వాయిదాకు సాక్షి రాలేదు, ఇంకో వాయిదా ఇచ్చినారు" అనేవాడు నాయన. ఆ వాక్యంలో ‘వాయిదా’ తీసి ‘తేదీ’ పెట్టి చూడండి, ఒక్క అక్షరం అర్థం మారదు. అంటే వాయిదా అసలు అర్థం జాప్యం కాదు, పెట్టుకున్న రోజు. కుట్టు మిషను వాయిదాల మీద కొన్నాం అన్నా అంతే. ఫలానా రోజుకు ఇంత కడతానని మాట ఇవ్వడం.

మూలంలో కూడా అదే ఉంది. అరబీలో ఈ ధాతువుకు మాట ఇవ్వడం అని అర్థం. హిందీ సినిమా పాటల్లో వినిపించే ‘వాదా’, రాబోయే తేదీకి బేరం కుదుర్చుకునే ‘వాయ్‌దా బజార్’, కన్నడంలో గడువుకు వాడే ‘వాయిదె’, అన్నీ ఆ ఇంటి పిల్లలే. తాకీదు, జప్తు, దాఖలు, హాజరు, రాజీనామా లాగే ఇదీ సర్కారు కచేరీల దారిన మన భాషలోకి వచ్చి మనదైపోయింది.

మరి రోజు అనే మాట జాప్యంగా ఎలా మారింది? నాకు అనిపించేది చెబుతాను. పెట్టిన రోజున పని జరగదు, ఇంకో రోజు పెడతారు. ఆ రోజూ జరగదు, మళ్లీ ఇంకో రోజు. జనం అనుభవంలో వాయిదా అంటే కదిలిపోయే రోజు అయింది, చివరికి కదిలిపోవడమే అయింది. ఇందులో భాష తప్పేమీ లేదు. మనుషులు పడ్డ బాధ మాట మీద అచ్చుపడింది.

అసెంబ్లీ వార్తల్లో పాత అర్థం ఇంకా బతికి ఉన్నచోటు ఒకటుంది. "సభ రేపటికి వాయిదా", "సోమవారానికి వాయిదా". ఆ ‘కి’ ప్రత్యయం చూశారా? అది రోజును చూపిస్తోంది. "పది నిమిషాలు వాయిదా" అన్నప్పుడు ‘కి’ పోయింది, దాంతో రోజూ పోయింది, కొలత మిగిలింది. అక్కడ "సభను పది నిమిషాలు ఆపారు" అంటే చాలు. రాజ్యాంగం కూడా ఈ రెండింటికీ వేర్వేరు మాటలు వాడింది. 189వ అధికరణం ప్రకారం పది మంది గానీ, మొత్తం సభ్యుల్లో పదో వంతు గానీ, ఏది ఎక్కువైతే అంతమంది ఉంటేనే కోరం, అంటే సభ నడవడానికి కావలసిన కనీస హాజరు, ఉన్నట్టు. అంతమంది లేకపోతే అధ్యక్ష స్థానంలో ఉన్నవారు సభను వాయిదా వేయాలి, లేదా కోరం వచ్చేదాకా నిలిపి ఉంచాలి. వాయిదా వేరు, నిలపడం వేరు.

ఇంకొకటి. వాయిదా ‘వేశారు’ అనాలా, ‘పడింది’ అనాలా? శిక్ష వేశారు, శిక్ష పడింది. ముడి వేశారు, ముడి పడింది. తెలుగులో ఇది చక్కని జంట. ‘వేశారు’ అంటే వేసిన మనిషి కనిపిస్తాడు. ‘పడింది’ అంటే వాన పడ్డట్టు దానంతటదే జరిగినట్టు ఉంటుంది. సభ దానంతటది వాయిదా పడదు, కుర్చీలో ఉన్నవారు వేయాలి. అందుకని వార్తలో ‘వేశారు’ రాయడమే న్యాయమని నా అభిప్రాయం. శీర్షికకు చోటు చాలకపోతే సరే, లోపలైనా రాయాలి.

చివరగా ‘నిరవధిక వాయిదా’. సమావేశాల ఆఖరి రోజున తప్పకుండా వినిపించే మాట. అవధి లేనిది నిరవధికం. వాయిదా అంటేనే అవధి. రెండూ కలిపితే తేదీ లేని తేదీ. ఇంగ్లీషువాళ్లు దీనికి వాడే లాటిన్ మాట ‘సైనే డై’కి కూడా రోజు లేకుండా అనే అర్థం. చాలామంది నిరవధికం అంటే శాశ్వతం అనుకుంటారు, అది పొరపాటు. తేదీ చెప్పలేదు, అంతే. అదీ ఎంతకాలమైనా సాగదు. 174వ అధికరణం కింద ఒక సమావేశాల చివరి రోజుకూ తర్వాతి సమావేశాల మొదటి రోజుకూ మధ్య ఆరు నెలలు దాటకూడదు. తేదీ చెప్పకుండా లేచినా రాజ్యాంగం వెనక నుంచి ఒక హద్దు గీసి ఉంచింది.

*

నిన్న పెట్టిన పోస్టుకు ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. విడివిడిగా రాసే బదులు ఇక్కడే రాస్తున్నాను.

‘పరాయి మాట ఎందుకు, గడువు అందాం’ అన్న అన్నగారికి: గడువు మంచి మాట, గడవడంలోంచి పుట్టింది. కానీ ‘సభ గడువు’ అనగానే ఐదేళ్ల పదవీకాలం గుర్తొస్తుంది. పైగా గడువు దాటకూడని గీత, వాయిదా హాజరు కావలసిన రోజు. రెండింటికీ మనకు పని ఉంది, ఒకదాని కోసం ఇంకోటి వదులుకోవద్దు.

పెరంబూరు నుంచి రాసిన అమ్మగారు తమిళంలో ‘ఒత్తివైప్పు తీర్మానం’ ఎంత హాయిగా ఉందో చూడండి అన్నారు. ఒప్పుకుంటాను. ఇక్కడ బస్సులో జనం మీద పడుతుంటే "ఒత్తి నిల్లు" అంటారు, పక్కకు జరిగి నిలబడమని. మనం పిల్లల్ని "ఒత్తిగిల్లి పడుకో" అంటాం. నా చెవికి రెండూ ఒకే కుదురులో మాటల్లా వినిపిస్తాయి. ఆ రోజు పనిని కాస్త పక్కకు జరపండి అన్న అర్థం తమిళ మాటలో కళ్లకు కట్టినట్టు ఉంది. కన్నడంవాళ్లు ‘నిలువళి సూచనె’ అంటారు, ఉన్నదాన్ని నిలపడం అని. తీర్మానం అన్న మాట మాత్రం తెలుగులో, తమిళంలో ఒకటే.

ఒక విశేషం చెప్పనా? తమిళంలో కూడా ‘వాయ్‌దా’ ఉంది, కానీ అది కోర్టు మెట్లు దిగలేదు. హైకోర్టు పక్క టీ కొట్టు దగ్గర నిలబడితే పది నిమిషాల్లో నాలుగుసార్లు వినిపిస్తుంది. అక్కడి నుంచి జార్జి కోట ఎంత దూరం? నడిచి పోవచ్చు. అయినా కోటలోని శాసనసభకు ఆ మాట వెళ్లలేదు, అక్కడ ‘ఒత్తివైప్పు’ ఉంది. మన తెలుగు మాత్రం కోర్టుకూ సభకూ అప్పుల పద్దుకూ ఒక్క వాయిదాతోనే సరిపెట్టింది. మా మేనల్లుడి తికమక అంతా అక్కడే పుట్టింది.

ఒకరు జీరో అవర్ గురించి అడిగారు. ప్రశ్నోత్తరాలు కాక, సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం అది. పేపర్లో ‘శూన్యకాలం’ అని కూడా చూస్తుంటాం. తమిళంలో ‘నేరమిల్లా నేరం’, సమయం కాని సమయం. లోక్‌సభ నిబంధనల పుస్తకంలో ప్రశ్నోత్తరాల సమయానికి చోటు ఉంది, జీరో అవర్‌కు లేదు, అది వాడుకలో ఏర్పడింది. అందుకే నాకు తమిళ మాటే ఎక్కువ నచ్చుతుంది. సున్నా అనకుండా, లెక్కలో లేని సమయం అంది. తేదీ లేని తేదీ పక్కన దీన్ని కూడా రాసిపెట్టుకున్నాను.

మైలాపూరు పెద్దాయన బులుసు సాంబమూర్తి గారిని గుర్తు చేశారు. చాలా సంతోషం. 1937 నుంచి 1942 దాకా మద్రాసు శాసనసభ స్పీకర్ కుర్చీలో కూర్చున్నది ఆయనే. ఆ సభను వాయిదా వేసే అధికారం ఒక తెలుగువాడి నోట ఉండేది. తర్వాత రాయపేట హైరోడ్డులో ఆయన ఉన్న ఇంట్లోనే పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబర్ 19న దీక్షకు కూర్చున్నారు. డిసెంబర్ 15న కన్నుమూశారు. 58 రోజులు. ఆ తర్వాత నాలుగు రోజులకు, డిసెంబర్ 19న, నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటన చేశారు. 1953 అక్టోబర్ 1న రాష్ట్రం వచ్చింది. ఆ దారిలో బస్సు వెళ్లినప్పుడల్లా నేను కిటికీ వైపు చూస్తాను. నిరవధిక దీక్ష, ఆమరణ దీక్ష అని పేపర్లలో మార్చి మార్చి రాస్తుంటారు. దయచేసి ఆ రెండూ కలపకండి. నిరవధికానికి తేదీ చెప్పరు. ఆమరణానికి అవధి మాటలోనే ఉంది. శ్రీరాములు గారు ఆ అవధి దాకా వెళ్లారు.

ఇక మా మేనల్లుడి సంగతి. ఈ రోజు వాడి చేత ఆ అసెంబ్లీ వార్తనే మళ్లీ రాయించాను. వాడు రాసింది ఇది: "ఈ రోజు పనులు పక్కన పెట్టి తమ విషయం చర్చించాలని ప్రతిపక్షం వాయిదా తీర్మానం ఇచ్చింది. స్పీకర్ అనుమతించలేదు. నినాదాలు ఆగకపోవడంతో సభను పది నిమిషాలు ఆపారు. సాయంత్రం, సోమవారం ఉదయానికి వాయిదా వేశారు." నేను ఒక్క కామా కూడా మార్చలేదు.

మీ జిల్లాల్లో "వాయిదా ఇచ్చారు" అన్న వాడుక ఇంకా ఉందా? కోర్టులకు తిరిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఒకసారి అడిగి, ఏ ఊరో కూడా చేర్చి కింద రాయండి.