అరవై సెంట్లలో ముందు అలసందా, నేరుగా సూపర్ నేపియరా?

తెనాలి పక్క పల్లె:
మాకు 60 సెంట్ల నల్లరేగడి ఉందండి, బోరు నీళ్లున్నాయి. ఇన్నాళ్లూ సార్వాకి వరి, వరి కోశాక దుక్కి లేకుండా మొక్కజొన్న వేశాం. ఈమధ్య రెండు పాడిగేదెలు కొన్నాం, ఇక పొలం మొత్తం మేతకే వదిలేద్దామని ఇంట్లో అనుకున్నాం. మా బావగారు ముందు ఒక పంట అలసంద తీసి తర్వాత గడ్డి నాటమంటున్నారు. ఊళ్లో వాళ్లు అదంతా దండగ, ఈ తొలకరికే సూపర్ నేపియర్ గడ్డి నాటేయమంటున్నారు. ఏది మంచిది?

దుగ్గిరాల పాడి రైతు:
నేపియరే తమ్ముడూ, ఇందులో ఆలోచించడానికేం లేదు. ఒకసారి నాటితే నాలుగైదేళ్లు కోసుకోవచ్చు. అలసందకి ప్రతిసారీ దుక్కి, విత్తనం, కూలీ. పైగా తెల్లదోమ వచ్చిందంటే ఆకంతా పసుపు మచ్చలు పడి చేను చేతికి రాదు. గేదెలు ఇంటి ముందు కట్టేసుకుని భూమిని బాగుచేసుకుంటూ కూర్చుంటే వాటికి మేతెవరు పెడతారు? కంబైన్ హార్వెస్టర్లు వచ్చాక గడ్డివాములే కనపడటం లేదు, ఎండుగడ్డి కొనాలంటే ఎంతవుతోందో మీకూ తెలుసు.

లాం వైపు రైతు:
దుగ్గిరాల అన్న చెప్పిన కూలీ మాట నిజమే, కాదనను. కానీ మేత తొందరగా కావాలంటే నేపియరే అనడం మాత్రం ఒప్పుకోను. నేపియర్ కణుపులు నాటిన దగ్గర్నుంచి మొదటి కోతకి రెండున్నర నెలలు పడుతుంది, ఆ తర్వాతే 40, 45 రోజులకొక కోత. మేత అలసంద 50, 60 రోజుల్లో పూతకొస్తుంది, మేతకి కోయాల్సింది అప్పుడే, కాయ ముదిరితే కాడ పీచుపడిపోతుంది. అంటే ముందు గేదె నోటికందేది అలసందే. దండగన్నది ఎక్కడ?

ఇక లెక్క చూడండి. ఒక పాడిగేదెకి రోజుకి సుమారు 30 కిలోల పచ్చిమేత వేసుకుంటే రెండింటికి ఏడాదికి 22 టన్నులు. నేపియర్ పిలకలు అమ్మేవాళ్లు ఎకరానికి నూరు టన్నులు పైనే అంటారు, మనం 60 అనే అనుకుందాం, అప్పుడు కూడా 30 సెంట్లకి 18 టన్నులొస్తుంది. మొత్తం 60 సెంట్లూ గడ్డి వేస్తే మూడో వంతు పైనే మిగిలిపోయి ముదిరి కర్రలవుతుంది. పశువుల డాక్టర్లు చెప్పేది కూడా మూడు పాళ్లు గడ్డికి ఒక పాలు పప్పుజాతి మేత కలపమనే. మిగతా 30 సెంట్లలో అలసంద ఏడాదికి రెండు పంటలు తీస్తే ఆ పాలు దాదాపు సరిపోతుంది.

నాకు అన్నిటికంటే బాధగా అనిపించేది దాణా ఖర్చు. ఒట్టి నేపియర్‌లో మాంసకృత్తులు ఎనిమిది, పది శాతమే, అదీ లేతగా ఉన్నప్పుడు. అలసంద, పిల్లిపెసర లాంటివాటిలో దానికి రెట్టింపు దాకా ఉంటాయి. చుట్టూ పచ్చగా గడ్డి పెట్టుకుని తవుడు, చెక్క మూటలు మోసుకొచ్చే ఇళ్లు మన దగ్గర ఎన్ని లేవు? పాల డబ్బులు పాలకేంద్రం నుంచి నేరుగా దాణా కొట్టుకి పోతున్నాయి.

భూమి సంగతి కూడా ఉంది. నేపియర్ తిండిపోతు పంట, కోసినప్పుడల్లా యూరియా అడుగుతుంది. వరి తర్వాత మొక్కజొన్న, మళ్లీ వరి, ఇలా పిండేసిన నేలలో దాన్ని నేరుగా దింపితే రెండో ఏడాది నుంచే బస్తాలు పెరుగుతాయి. మన డెల్టాలో పెద్దవాళ్లు వరి కోతకి రెండు మూడు రోజుల ముందు చేలో పిల్లిపెసర, జనుము చల్లేవాళ్లు. మంచు పదునుకే మొలిచేవి, కొంత పశువులకి, మిగతాది కలియదున్నేవాళ్లు. మొక్కజొన్న వచ్చాక ఆ అలవాటు చాలాచోట్ల పోయింది.

అలసంద వేశాక నెల దాటితే ఒక మొక్కని వేరు తెగకుండా పారతో మట్టిగడ్డతో సహా తీసి నీళ్లలో కడిగి చూడండి. వేళ్లకి చిన్న చిన్న బుడిపెలుంటాయి. ఒకటి గోటితో చీలిస్తే లోపల ఎర్రగా, గులాబీ రంగులో ఉందంటే అది గాలిలో నత్రజని పట్టి మొక్కకి ఇస్తున్నట్టే. తెల్లగా, ఆకుపచ్చగా ఉన్నా, అసలు బుడిపెలే లేకపోయినా పని జరగట్లేదు. పప్పుజాతి పంట ఈమధ్య వేయని నేల కాబట్టి రైజోబియం కల్చర్ (ఆ బుడిపెలు కట్టించే సూక్ష్మజీవుల పొడి) విత్తనానికి తప్పకుండా పట్టించండి. 60 సెంట్లకి విత్తనం 9, 10 కిలోలు చాలు, దానికి 200 గ్రాముల ప్యాకెట్ ఒకటి బెల్లం నీళ్లలో కలిపి పట్టించి నీడన ఆరబెట్టి అదే రోజు విత్తేయాలి.

నా మాట ఒకటే, ఈ తొలకరికి 60 సెంట్లూ అలసంద, కోశాక సగంలో నేపియర్, మిగతా సగం ఎప్పటికీ పప్పుజాతికే.

దుగ్గిరాల పాడి రైతు:
లెక్క బాగానే ఉంది. కానీ నల్లరేగట్లో సార్వా వానలకి అలసంద నిలబడుతుందా? రెండు రోజులు నీళ్లు నిలిస్తే వేరు కుళ్లి పోతుంది. తెల్లదోమ సంగతి కూడా చెప్పలేదు మీరు.

లాం వైపు రైతు:
నీళ్ల సంగతి గట్టి పాయింటే అన్నా. అందుకే మడుల్లో వెదజల్లకుండా బోదెలు తోలి బోదె మీద విత్తాలి, చుట్టూ కాలువ తీయాలి. నీరు కిందికి పోయే దారి లేని పల్లపు చేనైతే వానాకాలం వద్దనే చెబుతా, అక్టోబర్ దాకా ఆగాలి. అయితే నేపియర్ కణుపులు కూడా నిలవనీటిలో కుళ్లుతాయి, అక్కడ దానికీ సుఖం లేదు.

తెల్లదోమకి చేను చుట్టూ మూడు నాలుగు సాళ్లు జొన్న వేయండి, పసుపు మచ్చల మొక్క కనపడగానే పీకేయండి. గింజ కోసం వేసే మినుముకి, మేతకి వేసే అలసందకి తేడా ఉంది, పూత మీదే కోసేస్తాం కాబట్టి కాయ తొలిచే మారుకా పురుగు గొడవ మనకి రాదు. మందు కొట్టిన ఆకు మాత్రం గేదెకి వేయొద్దు. ఆ అంచు జొన్న కూడా పూత రాకముందు లేతగా కోసి పెట్టొద్దు, విషం పుట్టి పశువు ప్రాణం పోతుంది.

తెనాలి పక్క పల్లె:
మా చేను కొంచెం మెరకే అండి, నీరు కాలవలోకి పోతుంది. అయితే మొక్కజొన్నలో కలుపుకి అట్రాజిన్ కొట్టాం. దానివల్ల ఏమన్నా అవుతుందా? ఇంకోటి, అలసంద ఒక్కటే కడుపునిండా వేయొచ్చా?

లాం వైపు రైతు:
అట్రాజిన్ అవశేషం నేలలో మిగిలితే పప్పుజాతి మొలకలు దెబ్బతింటాయి. సంక్రాంతి లోపు కొట్టి ఉంటే ఈపాటికి చాలావరకు పోయి ఉండాలి, అయినా విత్తనం డబ్బులు పోసే ముందు చూసుకోవడం మంచిది. చేలో నాలుగు చోట్ల పైమట్టి తీసి ఒక కుండీలో పోయండి, ఆ మందు ఎప్పుడూ పడని పెరటి మట్టి ఇంకో కుండీలో. రెండింట్లో పది పది గింజలు పెట్టి రెండు వారాలు చూడండి. చేను మట్టిలో మొలకల ఆకు అంచులు పసుపెక్కి మాడితే ఈసారి 30 సెంట్లలో నేపియరే ముందు నాటుకోండి, జొన్న, మొక్కజొన్న లాగే అదీ గడ్డిజాతి కాబట్టి దానికి ఆ మందు భయం తక్కువ.

ఒట్టి అలసంద వద్దండి, తడిగా, ఖాళీ కడుపు మీద అసలే వద్దు, కడుపుబ్బరం వస్తుంది. ముందు ఎండుగడ్డి కాస్త వేసి, కోసిన అలసందని పూట సేపు వాడనిచ్చి, గడ్డితో కలిపి ముక్కలు కొట్టి పెట్టండి.